పర్యావరణ శాస్త్రం: మాట ఒకటి, వాడుకలు అనేకం

గత రెండు మూడు దశాబ్దాలలో మన గ్రామీణ వ్యవహారంలో స్థిరపడిన మాటలలో ‘పర్యావరణం’ ఒకటి. పాఠశాల గోడ మీద, పురుగుమందు డబ్బా మీద, పంచాయతీ తీర్మానంలో, ఋణ దరఖాస్తులో, సభలలోని ఉపన్యాసాలలో ఈ మాట మనకు ఎదురవుతూనే ఉంటుంది. దాని పక్కన ‘శాస్త్రం’ అనే మాట చేరితే మరింత గౌరవం కూడా లభిస్తుంది. అయితే ఒక మాట పదిమంది నోట నానినంత మాత్రాన దాని అర్థం పదిమందికీ తెలిసినట్లు కాదు. అర్థం తెలియని మాటను ఆసరా చేసుకొని సరుకు అమ్మేవారు ఉంటారు. అదే మాట చెప్పి అనుమతి నిరాకరించేవారూ ఉంటారు. నష్టపోయేది మాత్రం ఆ మాటకు అర్థమేమిటని అడగని రైతు.

పాఠకులతో ఈ విషయం కొంత వివరంగా ముచ్చటించడం అవసరమని భావిస్తున్నాను. పర్యావరణ శాస్త్రం అనేది ఏడాదికి ఒకనాడు మొక్కలు నాటే ఉత్సవం పేరని కొందరు, ప్రభుత్వం పెట్టే ఆంక్షల పేరని మరికొందరు అనుకుంటున్నారు. నా దృష్టిలో అది కొలతల మీద, కార్యకారణ సంబంధాల మీద నిలిచిన శాస్త్రం. అప్పు తీసుకొనే రైతుకు, అప్పు ఇచ్చే బ్యాంకుకు, విత్తనాలూ మందులూ అమ్మే డీలరుకు ఈ ముగ్గురికీ అది లెక్కల పుస్తకమంత అవసరమైనది.

మాట ఎలా ఏర్పడింది?

‘పరి’ అంటే చుట్టూ, ‘ఆవరణం’ అంటే కప్పి ఉన్నది. ఈ రెండూ కలిసి యణాదేశ సంధి వల్ల ‘పర్యావరణం’ అయినది. మనల్ని నలువైపులా ఆవరించి ఉన్నదంతా ఈ మాటలో ఇమిడి ఉంది. దీనికి దగ్గరగా వినిపించే ‘వాతావరణం’ వేరు. వాతం అంటే గాలి. భూమిని కప్పి ఉన్న గాలి పొరకు ఆ పేరు చక్కగా సరిపోతుంది. కాలక్రమంలో ఆనాటి ఎండవానలను కూడా వాతావరణమే అన్నాము. దీర్ఘకాలపు సగటు స్థితికి పాఠ్యపుస్తకాలలో ‘శీతోష్ణస్థితి’ అనే మాట ఉన్నప్పటికీ, వాడుకలో అదీ వాతావరణమే అయింది. చివరకు ఊరిలో గొడవలు జరిగితే ‘వాతావరణం బాగాలేదు’ అని కూడా అంటున్నాము.

ఇది కేవలం భాషా పండితులు చర్చించుకోవలసిన విషయం కాదు. వాతావరణ ఆధారిత పంటల బీమాను తీసుకోండి. అందులో పరిహారాన్ని నిర్ణీత వాతావరణ కేంద్రంలో నమోదైన వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ వంటి అంకెలను బట్టి లెక్కిస్తారు. పొలం చౌడుబారడం, బావి ఎండిపోవడం, వాగు నీరు కలుషితం కావడం పర్యావరణ సమస్యలే. కాని ఆ బీమా లెక్కలోని ‘వాతావరణం’ కిందకు అవి రావు. రెండు మాటలనూ ఒకటిగా భావించి ప్రీమియం కట్టిన రైతు తరువాత నిరాశ చెందితే ఆశ్చర్యం లేదు.

మరొక జంట మాటలు కూడా ఉన్నాయి. జీవులకూ వాటి పరిసరాలకూ గల సంబంధాన్ని పరిశీలించే శాస్త్రానికి 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ పేరు పెట్టాడు. ‘ఇల్లు’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. దానిని తెలుగులో జీవావరణ శాస్త్రం అంటున్నాము. పర్యావరణ శాస్త్రం దానికంటె విశాలమైనది. జీవశాస్త్రంతో పాటు రసాయన, భౌతిక, భూగర్భ, వ్యవసాయ శాస్త్రాలన్నింటినీ ఒక సమస్య చుట్టూ సమావేశపరచడం దాని పని. 1960, 70 దశకాలలో అది ప్రత్యేక విద్యగా నిలదొక్కుకొన్నది.

మన పిల్లలు ప్రాథమిక పాఠశాలలో ‘పరిసరాల విజ్ఞానం’ చదువుతారు. పర్యావరణ విద్య అన్ని స్థాయిలలో ఉండాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. ఆ తరువాత 2003-04 ప్రాంతంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యాంశాన్ని రూపొందించింది. మా తరంవారు బి.ఎ. చదివినా బి.ఎస్‌సి. చదివినా ఈ పేపరు వ్రాసినవారే. అది పర్యావరణ అధ్యయనం. అవగాహన కలిగించడం దాని ప్రయోజనం. పర్యావరణ శాస్త్రం మరొక మెట్టు పైకి వెళ్ళి, కొలిచి, పోల్చి, కారణం చెబుతుంది. ఈ భేదం తెలియకపోవడం వల్లనే నినాదాలను శాస్త్రంగా పొరబడుతున్నాము.

చట్టంలో ఉన్న రెండు మాటలు

భోపాల్‌లో 1984 డిసెంబరులో జరిగిన విషవాయు దుర్ఘటన తరువాత, 1986లో మన పార్లమెంటు పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని చేసింది. పర్యావరణమంటే నీరు, గాలి, నేల అనీ, వీటి మధ్యనూ, వీటికి మనుషులతో, ఇతర ప్రాణులతో, మొక్కలతో, సూక్ష్మజీవులతో, ఆస్తితో గల పరస్పర సంబంధమనీ ఆ చట్టం తెలుపుతుంది.

ఇందులో రెండు మాటలను పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. ఒకటి ‘సంబంధం’, రెండవది ‘ఆస్తి’. నీటిని విడిగా, నేలను విడిగా చూస్తే సరిపోదనీ, ఒకదాని నుంచి మరొకదానికి ఏమి పోతున్నదో చూడాలనీ మొదటి మాట చెబుతున్నది. ఇక రెండవది నేరుగా మన వ్యవహారానికి వస్తుంది. మీ భూమి, బావి, పశువులు, మీరు బ్యాంకుకు హామీగా చూపిన సమస్తమూ ఆస్తియే. పర్యావరణం అడవులకూ పులులకూ మాత్రమే సంబంధించినదని అనుకొనేవారికి ఈ నిర్వచనం చాలినంత సమాధానం.

రాబందుల కథ చెప్పే పాఠం

ఈ శాస్త్రం ఎలా పనిచేస్తుందో తెలియడానికి ఒక నిజమైన ఉదాహరణ చాలు. 1990 దశకంలో భారత ఉపఖండమంతటా రాబందులు చనిపోసాగాయి. ఒకప్పుడు ఊరి బయట కళేబరం పడితే గుంపులుగా వాలిన పక్షులు కొద్ది సంవత్సరాలలోనే నూటికి తొంభైకి పైగా నశించాయి. తెగులని కొందరు, పురుగుమందుల ప్రభావమని కొందరు భావించారు. చివరకు పాకిస్తాన్‌లో జరిపిన పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పశువుల నొప్పికీ, జ్వరానికీ వాడే డైక్లోఫెనాక్ అనే మందు కారణమని తేలింది. ఆ మందు ఇచ్చిన కొద్ది రోజులలో చనిపోయిన పశువు మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయి అవి మరణిస్తున్నాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను భారత్, నేపాల్, పాకిస్తాన్ 2006లో నిషేధించాయి. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు పశువైద్యానికి మళ్ళకుండా 2015లో మన ప్రభుత్వం ఇంజక్షన్ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ప్రత్యామ్నాయంగా నిలిచింది. అటువంటి ప్రమాదమే ఉన్న కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. మందు పశువుకు పనిచేసింది. పశువైద్యుడు పశువును చూశాడు, పక్షుల నిపుణుడు పక్షిని చూశాడు. రెండింటి మధ్యనున్న దారిని చూసినది పర్యావరణ శాస్త్రం. రాబందులు తగ్గిన చోట కళేబరాలు కుళ్ళిపోయాయి, ఊరకుక్కలకు అవి ఆహారమయ్యాయి. పాడి పశువు కోసం అప్పు తీసుకొన్న రైతుకు ఆకాశంలోని పక్షితో ఏమి పని అని అడిగేవారికి ఇదే జవాబు.

బోరు లోతులో ఉన్న శాస్త్రం

పర్యావరణ సమస్య అంటే ఫ్యాక్టరీ వదిలే మురుగే అనే అపోహ కూడా విస్తారంగా ఉంది. నల్లగొండ ప్రాంతంలోని ఫ్లోరోసిస్‌ను చూడండి. వంగిన నడుములకు, మచ్చలు పడిన పళ్ళకు అక్కడ ఏ ఫ్యాక్టరీ కారణం కాదు. నేల కింది రాతిలో ఉన్న ఫ్లోరైడు నీటిలో కరిగి వస్తున్నది. త్రాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ నీరు కంటికి తేటగా ఉంటుంది, నాలుకకు రుచి తేడా చెప్పదు. పరీక్ష చేయించడమొక్కటే తెలుసుకొనే మార్గం. కనుక కొత్త బోరు వేసి, ఆ నీటినే ఇంటిల్లిపాదీ త్రాగాలనుకొనేవారు పంపుసెట్టు ధర విచారించినంత శ్రద్ధగా నీటి పరీక్ష గురించి కూడా విచారించాలి.

నీటి నాణ్యత సంగతి అలా ఉండగా, నీటి పరిమాణం విషయంలో బ్యాంకులు పర్యావరణ శాస్త్రాన్ని ఆ పేరు పెట్టకుండానే ఎంతో కాలంగా వాడుతున్నాయి. 1980, 90 దశకాలలో భూగర్భ జల వినియోగాన్ని బట్టి ప్రాంతాలను ‘వైట్’, ‘గ్రే’, ‘డార్క్’ అని విభజించేవారు. వినియోగం 65 శాతం లోపు ఉంటే వైట్, 85 శాతం దాటితే డార్క్. ‘మా ఊరు డార్కులో పడింది, బావికి అప్పు ఇవ్వరట’ అని పెద్దలు చెప్పుకొనేది ఆ లెక్క గురించే. నేడు ఆ విభజన మారింది. ఏడాదిలో తీసుకోదగిన నీటిలో 70 శాతం వరకు తోడుతుంటే సురక్షితం, 70 నుంచి 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 90 నుంచి 100 వరకు సంక్లిష్టం, 100 దాటితే మితిమీరిన వినియోగం.

ఈ నూరు శాతం అనే హద్దును ఖాతాదారులకు వివరించడం కష్టం కాదు. జమకంటె తీత ఎక్కువైన ఖాతాలో అసలు కరిగిపోతుంది. వాన ఇచ్చిన దానికంటె మించి తోడిన ఊరిలో ఒకరి కొత్త బోరు పొరుగువాని పాత బోరును ఎండగడుతుంది. అప్పు ఇద్దరి పేరనా ఉంటుంది, నీరు ఎవరికీ ఉండదు. రైతు కుటుంబాలు ఒక బోరు ఎండితే మరొకటి, అది ఎండితే ఇంకొకటి వేసి, ఆ గోతులలో పడి లేవలేకపోవడం రాయలసీమలో, తెలంగాణలో తెలియనిదెవరికి? నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ‘వాల్టా’ చట్టం బావుల నమోదును, అనుమతిని కోరేది ఇందుకే. ఆ అనుమతి పత్రాన్ని కాగితాల బెడదగా భావించేవారు తమ పాత బోరుకు కూడా అదే రక్షణ అని గుర్తించాలి.

శాస్త్రం శాస్త్రవేత్తల సొత్తు మాత్రమే కాదనడానికి మన నేలమీదనే నిదర్శనం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2003లో మొదలైన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో అమలైంది. అందులో రైతులే వర్షమాపకంతో వాన కొలిచారు, బావులలో నీటి మట్టం కొలిచి పుస్తకంలో వ్రాశారు. రబీకి ముందు కూర్చొని, ఉన్న నీరెంత, తాము వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క కళ్ళ ఎదుట ఉన్నప్పుడు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళినవారు అనేకులు. ఈ రైతులలో చాలామంది ‘పర్యావరణ శాస్త్రం’ అనే మాట ఉచ్చరించి ఉండకపోవచ్చు. కాని ఆ మాటకు వారు చేసినదే అసలైన వాడుక.

డీలరు మిత్రులకు ఒక మనవి

నేడు ‘పర్యావరణ హితం’, ‘సహజం’, ‘హరిత’ అనే మాటలు లేని సరుకు అరుదు. ఈ మాటలను ఎలా పరిశీలించాలి? మొదట పురుగుమందు డబ్బా మీది రంగును గురించి చెప్పుకొందాము. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఆ మందు ఎంత విషపూరితమో తెలుపుతాయి. ప్రయోగశాలలోని జంతువులలో సగం చనిపోవడానికి శరీరపు బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు కావాలన్నది దీనికి ఆధారం. నోటి ద్వారా అయితే 50 మిల్లీగ్రాముల లోపు చాలే మందుకు ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. అంటే ఆకుపచ్చ రంగు ఉన్న మందు మనిషికి వెంటనే ప్రమాదం కలిగించే అవకాశం తక్కువని మాత్రమే అర్థం. తేనెటీగలకు, చేపలకు, నేలలోని సూక్ష్మజీవులకు హాని లేదని ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ గుర్తు చూపి ‘ఇది పర్యావరణానికి మంచిది’ అని చెప్పడం ఆ గుర్తుకు లేని అర్థాన్ని అంటగట్టడమే.

‘సహజం’ అనే మాట కూడా అటువంటిదే. మన పొగాకులోని నికోటిన్ సహజ పదార్థమే, కాని అది తీవ్రమైన విషం. మొక్క నుంచి వచ్చినదా, ఫ్యాక్టరీలో తయారైనదా అన్న దానికంటె, అందులో ఏమి ఉన్నది, ఎంత ఉన్నది, ఎవరు పరీక్షించారు అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. ఒకప్పుడు ఏ లెక్కలోకీ రాకుండా అమ్ముడుపోయిన జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చినది ఈ ప్రశ్నలకు జవాబు ఉండాలనే.

పర్యావరణం పేరిట తప్పుదోవ పట్టించే ప్రకటనలను నివారించడానికి 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేసింది. ‘హరిత’, ‘పర్యావరణ హిత’ వంటి మాటలు వాడేవారు తగిన వివరణతో, ఆధారంతో వాడాలని అవి కోరుతున్నాయి. ఇవి తయారీదారుతో పాటు వర్తకునికి కూడా వర్తించే విషయం. డీలరు మిత్రులు కంపెనీ ప్రతినిధిని ఆధారం అడిగి, ఆ కాగితాన్ని దుకాణంలో ఉంచుకొంటే రైతుకూ మేలు, తమకూ రక్షణ. రైతుకు ఊరిలో మొదట అందుబాటులో ఉండే సలహాదారు డీలరే. అందుకనే డీలర్ల కోసం హైదరాబాదులోని ‘మేనేజ్’ సంస్థ 2003లో ఒక డిప్లొమా కోర్సు ప్రారంభించింది. ఆ స్థానానికి తగిన భాష కూడా అవసరం.

బ్యాంకులు ఈ నియమానికి అతీతం కాకూడదు. ‘హరిత డిపాజిట్ల’ విషయంలో రిజర్వు బ్యాంకు 2023లో విధివిధానాలు నిర్ణయించి, ఆ సొమ్ము దేనికి వినియోగమైనదో బయటి సంస్థ ఏటా పరిశీలించాలని చెప్పింది. మాట వాడినవాడు లెక్క చూపాలన్న సూత్రం అక్కడా అదే.

ఆంక్షల శాస్త్రమా?

‘పర్యావరణం అంటే రైతును సాగు చేయనివ్వకపోవడమే’ అనే ఆరోపణను తేలికగా తీసివేయలేము. తీరప్రాంతపు రొయ్యల చెరువులపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ఈ అభిప్రాయం బలపడింది. తీర నియంత్రణ మండలంలో, పులికాట్, చిలకా సరస్సుల నుంచి 1000 మీటర్ల లోపు సంప్రదాయ పద్ధతులకు మించిన రొయ్యల సాగును కోర్టు కాదన్నది. పెట్టుబడి పెట్టినవారికి అది కఠినంగా తోచడం సహజం.

అయితే తేదీలు గమనించండి. తీర్పుకు ముందే, 1994-95లో తెల్లమచ్చల వ్యాధి తీరంలోని చెరువులను దెబ్బతీసింది. ఒకే కాలువలోకి ఒక చెరువు నీరు వదులుతుంటే, మరొక చెరువు అదే నీటిని తోడుకొన్న చోట రోగం ఆగే దారి ఏది? ఏ కోర్టు ఆదేశమూ లేకుండానే అప్పులు మొండిబాకీలయ్యాయి. ఒక కాలువ మీద ఎన్ని చెరువులకు చోటు ఉన్నదని మొదటనే కొలిచి ఉంటే, అది రైతును కాపాడే ఆంక్ష అయ్యేది. కొలవకుండా విధించిన ఆంక్ష అన్యాయం కావచ్చు, కొలవకుండా ఇచ్చిన ప్రోత్సాహమూ అంతే అన్యాయం. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం నమోదును, నియమాలను ఏర్పరచి ఈ రెండింటికీ నడుమ మార్గం వెదికింది.

మనం చేయవలసినది

నా సూచనలు మూడు. మొదటిది, భూసార పరీక్ష కార్డును, నీటి పరీక్ష నివేదికను, ఊరి భూగర్భ జల వర్గాన్ని రైతు తన పాసుపుస్తకంతో సమానంగా భద్రపరచుకోవాలి. రెండవది, అప్పు మంజూరు సమయంలో బ్యాంకులు ఈ కాగితాలను ఫైలు నింపడానికి అడగడం మాని, వాటిలోని అంకెలను రైతుతో కూర్చొని చర్చించాలి. బోరుకు అప్పు లేదని చెప్పేటప్పుడు కారణంగా ఆ అంకెను చూపడం, తుంపర, బిందు సేద్యం వంటి మార్గాలకు అప్పు ఎంత దొరుకుతుందో చెప్పడం బ్యాంకు బాధ్యత. కారణం చెప్పని నిరాకరణ వల్ల రైతు అధిక వడ్డీకి బయట అప్పు తెచ్చి అదే బోరు వేస్తాడు. ఊరి నీరు మాత్రం పెరగదు. మూడవది, ఎవరైనా మన ఎదుట పర్యావరణం పేరు ఎత్తినప్పుడు, అధికారి అయినా, వర్తకుడైనా, నాయకుడైనా, మూడు ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకోవాలి. ఏమి కొలిచారు? ఎక్కడ, ఎప్పుడు కొలిచారు? దేనికీ దేనికీ సంబంధం ఉన్నదంటున్నారు?

ఈ మూడింటికి జవాబు ఉంటే అది శాస్త్రం. ఆ మాటను గౌరవించి, కష్టమైనా పాటించాలి. జవాబు లేకపోతే అది ఉపన్యాసమో, ప్రకటనో అయి ఉంటుంది. దానిని నమ్మి సంతకం చేయనవసరం లేదు. తాకట్టు పత్రంలోని ప్రతి మాటకూ అర్థం అడిగి తెలుసుకొనే హక్కు ఋణగ్రహీతకు ఎలా ఉన్నదో, పర్యావరణమనే మాటకు అర్థం అడిగే హక్కు కూడా అలాగే ఉన్నది. పాఠకులు ఆ హక్కును వినియోగించుకొంటారని ఆశిస్తున్నాను.